సొంత ఊరి నీళ్లను పరీక్షించేవాడు నిష్పక్షపాతంగా ఉండగలడా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెబుతాను. మీరు హనుమకొండలో ఉండి రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. జనగామ వైపున్న మీ సొంత ఊరిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో కొలవడం మీ పని. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన నాయనమ్మను చూస్తూ పెరిగాను కాబట్టే ఈ అంశం ఎంచుకున్నానని సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) మొదటి పేజీలో ఒక వాక్యం రాశారు. గైడు గారు ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, "సైన్సుకు విలువలతో పని లేదు, కొలతలతోనే పని" అన్నారు. అదే వారం పరిశోధన నీతి క్లాసులో మరో అధ్యాపకురాలు విలువలు లేని పరిశోధనే ఉండదన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి, సొంత ఊరి మీద ప్రేమ ఉన్నవాడి ఫలితాలకు విలువ ఉంటుందా అని మీ సందేహం.

ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పి, అందులో సగం కాలం నీళ్ల సీసాల మధ్యే గడిపి రిటైరైనవాణ్ని. ఇద్దరి మాటలోనూ నిజం ఉందని చెప్పి తప్పుకోవడం నాకు ఇష్టం లేదు. మీ గైడు గారి మాట ఒక్కచోట అక్షరాలా నిజం. ఆ చోటు చాలా ఇరుకు: పరికరం చూపించిన అంకెను నోటుబుక్కులో ఎక్కించే క్షణం. ఆ క్షణంలో మీకు నాయనమ్మ గుర్తుకు రాకూడదు, ఊరు గుర్తుకు రాకూడదు, గైడు గారూ గుర్తుకు రాకూడదు. దానికి ముందు జరిగే పనిలోనూ, తర్వాత జరిగే పనిలోనూ అడుగడుగునా విలువలే ఉంటాయి. అవి లేవనుకునేవాడు తనకు తెలియకుండానే వాటి మీద నిర్ణయాలు చేసేస్తుంటాడు. నేను అలా చేసినవాణ్నే. ఆ సంగతికి వస్తాను.

ముందు ఆ ఇరుకు చోటు. నీళ్లలో ఫ్లోరైడ్‌ను రంగుతో కొలిచే స్పాడ్న్స్ పద్ధతి మీకు కొత్త కాదు, చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. జిర్కోనియంతో కలిసిన ఆ రంగు ద్రావణం ఎర్రగా ఉంటుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే జిర్కోనియాన్ని తనవైపు లాక్కుంటుంది, ఎరుపు పాలిపోతుంది. ఎంత పాలిపోతే అంత ఫ్లోరైడ్. ఫ్లోరైడ్ ఎంతుందో తెలిసిన ద్రావణాలతో మొదట ఒక గీత గీసుకుని, ఊరి నుంచి తెచ్చిన నీళ్లు ఆ గీత మీద ఎక్కడ పడతాయో చూస్తాం.

ఒక ఏడాది మా ల్యాబులో ఒక అమ్మాయి ఈ గీతే గీస్తోంది. లీటరుకు సున్నా నుంచి 1.4 మిల్లీగ్రాముల దాకా ఎనిమిది చుక్కలు. ఏడు చుక్కలు దారం పట్టి పెట్టినట్టు వరుసలో ఉన్నాయి. 0.8 దగ్గరి చుక్క మాత్రం గీతకు కొంచెం పైన కూర్చుంది. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి రబ్బరు తీసి ఆ చుక్కను చెరిపేసింది. పక్క బల్ల దగ్గర నుంచి నేను చూస్తూనే ఉన్నాను. ఎందుకు చెరిపావమ్మా అంటే, "పిపెట్ సరిగా పట్టి ఉండను సార్" అంది. అది నిజం కావచ్చు. అయితే చుక్క సరిగ్గా గీత మీదే పడి ఉంటే పిపెట్ మీద ఆ అనుమానం వచ్చేదా? మళ్లీ చేయమన్నాను. మళ్లీ 0.8 దగ్గరే పైకి పోయింది. మూడోసారీ అంతే. చివరికి తేలిందేమిటంటే, స్టాండులో ఐదో గాజు గొట్టానికి సన్నటి గీత పడి ఉంది. వరుస తప్పకుండా పెడుతుంది కాబట్టి 0.8 ద్రావణం ప్రతిసారీ ఆ గొట్టంలోకే వెళ్తోంది. గీత పడిన గాజు వెలుతురును కాస్త ఎక్కువ ఆపుతుంది. ఎరుపు ఎక్కువ ఉన్నట్టు, అంటే ఫ్లోరైడ్ తక్కువ ఉన్నట్టు చూపిస్తుంది. అంతకుముందు నాలుగు రోజులుగా ఊరి నమూనాలను కూడా ఆ స్టాండులోనే చదువుతోంది. ఐదో వరుసలో నిలబడిన ప్రతి ఊరి నీళ్లూ ఉన్నదానికంటే మంచివైపోయాయన్నమాట. రబ్బరు పని పూర్తయి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

ఆ అమ్మాయి మోసం చేయలేదు. గీత అందంగా రావాలని కోరుకుంది, అంతే. పరిశోధనలో మోసం అంటే లేని అంకెలు పుట్టించడమే అనుకుంటారు. నా అనుభవంలో అలాంటివాళ్లు అరుదు. నచ్చని చుక్కకు కారణం వెతికి, నచ్చిన చుక్కను ప్రశ్న లేకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ. మీ గైడు గారు విలువలు వద్దంటున్నప్పుడు భయపడుతున్నది దీనికే అనుకుంటాను. మీకు నాయనమ్మ మీదున్న ప్రేమ, ఆ అమ్మాయికి గీత మీదున్న ప్రేమలాగే, ఎక్కడ రబ్బరు పట్టిస్తుందో అని. భయం న్యాయమైనదే. పెద్ద ఎత్తున ఇది జరిగితే ఎలా ఉంటుందో సోవియట్ దేశం చూసింది. లైసెంకో చెప్పిన వ్యవసాయ సిద్ధాంతం పాలకుల నమ్మకాలకు సరిపోయింది కాబట్టి 1948లో అదే అధికారిక జీవశాస్త్రమైంది. ప్రపంచమంతా తిరిగి విత్తనాలు సేకరించిన, లైసెంకోను వ్యతిరేకించిన శాస్త్రవేత్త వావిలోవ్ అంతకు ఐదేళ్ల ముందే, 1943లో, జైల్లో చనిపోయాడు. అక్కడ పొలంలో రావలసిన జవాబు పార్టీ కార్యాలయంలోంచి వచ్చింది.

అయినా గమనించండి, నచ్చని చుక్కను కూడా ఉంచు అనే నియమమే ఒక విలువ. తత్వవేత్త టామస్ కూన్ 1977లో, ఒక సిద్ధాంతాన్ని ఎంచుకునేటప్పుడు శాస్త్రవేత్తలు చూసేవి ఐదని చెప్పాడు: కచ్చితత్వం, పొంతన, విస్తృతి, సరళత, కొత్త పనికి దారి చూపడం. వీటిని ఆయన సూత్రాలు అనలేదు, విలువలు అన్నాడు. ఇద్దరు నిజాయతీపరులు ఇవే ఐదింటిని తూచి వేర్వేరు నిర్ణయాలకు రావచ్చు కాబట్టి. మీ గైడు గారు కూడా విలువలు వద్దంటూనే మీ నుంచి మొదట ఆశిస్తున్నది నిజాయతీని.

ఇప్పుడు నా తప్పు. 1990ల మధ్యలో జనగామ వైపే ఒక ఊరి నీళ్లు పరీక్షించి ఇమ్మని అడిగితే వెళ్లాను. తొమ్మిది బోర్లు. రీడింగులు ఇప్పటికీ కంఠతా వచ్చు: 0.7, 0.8, 0.9, 0.6, 1.1, 0.8, 0.9, 2.4, 2.1. కూడితే 10.3. తొమ్మిదితో భాగిస్తే 1.14. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటారు. "ఊరి సగటు పరిమితి లోపలే ఉంది" అని రిపోర్టు రాసి, కింద సంతకం చేశాను. పట్టికలో తొమ్మిది అంకెలూ ఉన్నాయి, నేను దేన్నీ దాచలేదు. కానీ పై అధికారులు చదివేది చివరి వాక్యమే. రక్షిత నీటి పథకం జాబితాలోకి ఆ ఊరు ఎక్కలేదు.

రెండేళ్ల తర్వాత ఆ ఊరి బడి పంతులు గారు మా ఇంటికి వచ్చారు. నా రిపోర్టు జిరాక్సు కాపీ మడిచి చొక్కా జేబులో పెట్టుకొచ్చారు. కోప్పడలేదు. కాగితం బల్ల మీద పరిచి, 2.4 మీద వేలు పెట్టి, "సార్, ఇది మా వాడలోని బోరేనా?" అని అడిగారు. అవును. 2.4, 2.1 రెండూ ఊరికి దూరంగా ఉన్న ఆ వాడవే. మిగతా ఏడు బోర్ల దగ్గరికి వాళ్లు నీళ్లకు వెళ్లే అలవాటు ఆ రోజుల్లో ఎంత ఉండేదో మీకు నేను చెప్పనక్కర్లేదు. సగటు నీళ్లను ఎవరూ తాగరు. ఏ బోరు దగ్గరున్నవాళ్లు ఆ బోరు నీళ్లే తాగుతారు. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఊరంటే ఒకటే అనుకుని, దాన్ని ఒక్క అంకెలో చెప్పడమే శాస్త్రీయం అనుకున్నాను. ఎవరిని లెక్కలో విడిగా చూడాలి, ఎవరిని కలిపేయవచ్చు అనే నిర్ణయం నేను చేశాను. అది గణితం చేసిందనుకున్నాను.

అందుకే ఫలితాల అధ్యాయంలో సగటు రాయడానికి ముందు ఆ సగటు ఎవరిని కప్పేస్తుందో చూడమంటాను. ఆ పని కొలతను చెడగొట్టదు. కొలిచినవాటిలో ఏది చెప్పాలో నిర్ణయిస్తుంది.

పరిమితి అంకె సంగతీ చూడండి. మన భారతీయ ప్రమాణంలో తాగునీటి ఫ్లోరైడ్‌కు రెండు అంకెలు ఉన్నాయి. ఆమోదనీయం లీటరుకు 1.0 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 దాకా అనుమతి. "వేరే వనరు లేనప్పుడు" అనే మాటలో రసాయన శాస్త్రం ఎక్కడుంది? వేరే నీళ్లు లేని ఊరిలో ఎముకలేమీ గట్టిగా ఉండవు కదా. అది పేదరికంతో కుదుర్చుకున్న రాజీ. రాజీ తప్పని నేను అనను, నీళ్లే లేకుండా చేయడం అంతకంటే తప్పు. కానీ దాన్ని ప్రకృతి నియమంలా వల్లించకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక అంకె 1.5. దాన్ని తమ దేశానికి అన్వయించుకునేటప్పుడు ఎండలనూ, జనం తాగే నీటి పరిమాణాన్నీ చూసుకోమని ఆ సంస్థే చెబుతుంది. మే నెలలో మట్టి పనికి వెళ్లే మనిషి ఐదు లీటర్లు తాగితే, 1.5 ఉన్న నీళ్లతో ఒంట్లోకి చేరేది 7.5 మిల్లీగ్రాములు. ఫ్యాను కింద కూర్చుని ఇది రాస్తున్న నేను రెండు లీటర్లు తాగితే 3. నీళ్లు ఒకటే, పరిమితి ఒకటే. ఏ ఒంటిని మనసులో పెట్టుకుని పరిమితి గీశారన్నదే ప్రశ్న.

కొలిచిన అంకె సరిగ్గా గీత దగ్గర ఆగిన చోట ఇంకో చిక్కు వస్తుంది. మీ బోరు 1.45 అని చూపించింది, పద్ధతిలోనే ఒక పదో వంతు అటూ ఇటూ పొరపాటుకు అవకాశం ఉంది. పంపుకు ఎర్ర రంగు వేయమంటారా, వద్దంటారా? మంచి పంపుకు ఎర్ర రంగు వేయిస్తే ఆడవాళ్లు అదనంగా కిలోమీటరు నడుస్తారు. చెడ్డ పంపును వదిలేస్తే పిల్లల పళ్లు గారపడతాయి. ఏ తప్పు జరిగినా ఫరవాలేదు, ఏ తప్పు జరగకూడదు అని మీరు తేల్చుకోకుండా "పరిమితి లోపలే ఉంది" అని రాయలేరు. రిచర్డ్ రడ్నర్ అనే తత్వవేత్త 1953లో చెప్పింది ఇదే. మందులో విషం లేదని చెప్పడానికి కావలసిన రుజువు, బెల్టు బకిల్స్‌లో లోపం లేదని చెప్పడానికి కావలసిన రుజువు ఒకే పాటిది కాదన్నాడు. ఎంత రుజువు ఉంటే చాలు అనే ప్రశ్నకు జవాబు, పొరబడితే ఎవరికి ఎంత నష్టం అన్నదాని మీద ఆధారపడుతుంది. శాస్త్రవేత్త శాస్త్రవేత్తగానే ఈ నిర్ణయం చేస్తాడని, దాన్ని మంత్రికో అధికారికో వదిలేశాననుకోవడం భ్రమేనని ఆయన వాదం. నేను చదివినవాటిలో మన పనికి ఇంత దగ్గరగా వచ్చిన తత్వశాస్త్రం మరొకటి లేదు.

వరంగల్‌లో ఉంటూ పత్తి ఊసెత్తకపోతే ఎనుమాముల మార్కెట్టు ఊరుకోదు. పురుగు మందు ఎప్పుడు కొట్టాలో చెప్పడానికి వ్యవసాయ శాస్త్రవేత్తలు "ఆర్థిక నష్ట పరిమితి" అని ఒక అంకె ఇస్తారు. గులాబీ రంగు పురుగుకైతే, మగ పురుగులను వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడినప్పుడు కొట్టమంటారు. చాలా ఉపయోగపడే అంకె. అది లేక, పక్క చేనులో కొట్టారని మనమూ కొట్టడం వల్ల ఎంత ఖర్చయ్యేదో, 1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి రైతుల చావులు చూసినవాళ్లకు తెలుసు. మందు మీద మందు కొట్టినా పురుగు చావని ఏడాది అది. కానీ ఆ పరిమితి లెక్కలో ఏమేం ఉన్నాయో చూడండి. పంట నష్టం ఉంది, మందు ధర ఉంది, కూలి ఉంది. వీపున ట్యాంకు కట్టుకుని మందు కొట్టిన మనిషి కళ్ల మంట లేదు. మర్నాడు ఆ చేనులో కలుపు తీసిన ఆమె చేతులు లేవు. తేనెటీగలు లేవు. పేరులోనే "ఆర్థిక" అని నిజాయతీగా చెప్పుకున్నారు కాబట్టి నాకు ఫిర్యాదు లేదు. ఆ విశేషణం ఊడిపోయి ఉత్త "పరిమితి" అయినప్పుడే ఇబ్బంది.

కాయ తొలిచే పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన బీటీ పత్తి మీద తగాదా కూడా చాలావరకు ఇలాంటిదే. 2002లో అనుమతి వచ్చింది. దిగుబడి పెరిగిందన్నవాళ్లు సగటు దిగుబడి చూశారు. దెబ్బతిన్నామన్నవాళ్లు వాన మీదే ఆధారపడ్డ చెలక భూముల్లో వాన లేని ఏడాదిని చూశారు. అంకెలు రెండు వైపులా నిజమే కావచ్చు. సగటు ఏడాది ఎంత మిగిలిందన్నది ఒక ప్రశ్న, ఎన్నేళ్లకు ఒకసారి మొత్తం మునుగుతామన్నది మరో ప్రశ్న. ఎకరం కౌలుకు తీసుకున్నవాడికి రెండోదే ప్రాణం. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విత్తనాల ధర మీద వాదనకు దిగి, 450 గ్రాముల ప్యాకెట్టును 750 రూపాయలకు దింపించింది. కాయలోని జన్యువు ఆ రోజూ మారలేదు. రైతుకు లాభమా నష్టమా అన్న జవాబు మాత్రం మారింది.

మీ అసలు బాధకు వస్తాను: ప్రేమతో అంశం ఎంచుకోవడం తప్పా? ఉత్తర తెలంగాణలోనే దీనికి జవాబు ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అవసరం పడింది. హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త భార్య బెట్టీతో కలిసి ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో మకాం పెట్టాడు. ప్రభుత్వానికి కావలసింది శాంతి. ఆయనకు కావలసింది ఆ మనుషుల జీవితం అర్థం చేసుకోవడం. ఉండగా ఉండగా ఆయన వాళ్ల పక్షం చేరాడు. అటవీ నిబంధనల వల్ల, వడ్డీ వ్యాపారుల వల్ల గోండులు భూమి ఎలా పోగొట్టుకున్నారో రాశాడు. ఆ పరిశోధన నుంచే భూమి పట్టాలూ, గోండీలో వాచకాలూ, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణా వచ్చాయి. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ ఆ ఊరిలో ఉన్నాయి, ఏటా జనవరిలో జనం వచ్చి పూలు పెడతారు.

ఆయన రాతల్లో అన్నీ ఒప్పుకోనక్కర్లేదు. పెద్దరికం ధోరణి ఉంది, సర్కారు కొలువూ ఉంది. కానీ ఆ పక్షపాతం ఆయనకు ప్రశ్నలను ఇచ్చింది. అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్నలవి. మీ నాయనమ్మ మీకు చేసిన మేలు కూడా అదే. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక బోర్ల లెక్క ఎందుకని ఎవరైనా అంటారు. పైపు నీళ్లు ఆగిన రోజున ఎవరు ఏ బోరు దగ్గరికి బిందె పట్టుకుని వెళ్తారో ఆ ఊరివాడికే తెలుస్తుంది. ఇంకో సంగతి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లూ ఎముకలూ దెబ్బతినే జబ్బును, వైద్యులు 1937లో ప్రకాశం ప్రాంతంలో గుర్తించి రాశారు. అంతకుముందే అక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నాగలి లాగలేకపోవడం గమనించారు. ఎద్దు మీద ప్రేమ, ఎద్దుతో అవసరం ఉన్నవాడి కన్ను ముందు చూసింది.

ఇక మీ సినాప్సిస్‌లో నాకు కలవరం కలిగించిన భాగం. బడి పిల్లల పళ్లు చూసి ఫొటోలు తీస్తానని, మూత్రం నమూనాలు తీసుకుంటానని రాశారు, అనుమతి అన్న చోట "ప్రధానోపాధ్యాయుల సంతకం" అని పెట్టారు. దయచేసి ఆపండి. 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చారు. ఒక అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు పిల్లలు చనిపోవడంతో గొడవై, 2010 ఏప్రిల్‌లో నిలిపేశారు. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతోంది. కానీ తల్లిదండ్రులు పెట్టవలసిన సంతకాలు వేల సంఖ్యలో హాస్టల్ వార్డెన్లూ ప్రధానోపాధ్యాయులూ పెట్టారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆ సంతకాల దగ్గర చేసిన తొందర వల్ల మంచి టీకా మీదే జనానికి అనుమానం పుట్టింది.

ఇంకా వెనక్కి వెళ్తే 1897 ఆగస్టులో బేగంపేటలో రొనాల్డ్ రాస్ మలేరియా రోగి హుసేన్ ఖాన్‌ను దోమలతో కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. ఆ దోమల్లోనే ఆగస్టు 20న మలేరియా పరాన్నజీవిని చూశాడు. నోబెల్ బహుమతి 1902లో వచ్చింది. హుసేన్ ఖాన్‌కు కొన్ని అణాలు ముట్టాయి. ఆ కాలానికి డబ్బులిచ్చి పని చేయించుకోవడమే మర్యాద అనుకున్నారు. మనం ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మీకు సంస్థ నీతి సంఘం అనుమతి కావాలి, తల్లి లేదా తండ్రి సంతకం కావాలి, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు విడిగా కావాలి. తెలుగులో, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో. "మీ బాబు పళ్ల ఫొటో తీస్తాను, మొహం కనిపించదు, వద్దంటే బడిలో ఎవరూ ఏమీ అనరు." ఇంత సూటిగా. ఆ చివరి మాట వదిలేస్తే అది అనుమతి కాదు.

ప్రచురణ గురించి ఎక్కువ చెప్పను, మీ క్లాసులో చెబుతూనే ఉంటారు. పీహెచ్‌డీకి వ్యాసం అచ్చు కావలసిందేనన్న 2016 యూజీసీ నిబంధన 2022లో పోయింది. వారంలో అచ్చు వేస్తాం, డబ్బు కట్టండి అనే పత్రికలకు ఆ ఆరేళ్లలో వచ్చిన గిరాకీ మాత్రం పోలేదు. ఇతరుల రాతలతో పోలిక పది శాతం లోపుంటే ఫరవాలేదన్న 2018 నిబంధన చదివి, "తొమ్మిది శాతం కాపీ కొట్టవచ్చు" అని అర్థం చేసుకున్నవాళ్లను నేను వైవాల్లో చూశాను. నిబంధన నేలబారు గీత. అది దాటకపోవడాన్ని గొప్పగా చెప్పుకునే పరిశోధకుడిని చూస్తే జాలి వేస్తుంది.

మీ పనికి నా సలహాలు. నాయనమ్మ గురించి రాసిన వాక్యాన్ని గైడు గారు కొట్టేసింది ఫలితాల అధ్యాయంలో అయితే ఆయన పక్షమే ఉండేవాణ్ని. మొదటి పేజీలో అది ఉండాలి. మీరు ఎవరో, ఏ ఊరివారో చదివేవాడికి తెలిస్తే మీ అంకెలను ఇంకాస్త గట్టిగా పరీక్షిస్తాడు. దానికి మీరు సిద్ధమేనని చెప్పడం అది. పెద్దాయనతో వాదనకు దిగకండి. ముందుమాటలో పెట్టవచ్చా అని మర్యాదగా అడగండి, ఒప్పుకుంటారనే నా నమ్మకం.

తర్వాత, ఏ బోరు నీళ్లో మీకు తెలియకుండా చదవండి. సీసాలకు ఊరి పేర్లు రాయవద్దు. స్నేహితుడెవరైనా సంఖ్యలు వేసి, ఏ సంఖ్య ఏ బోరుదో రాసిన కాగితాన్ని కవరులో పెట్టి మీ గైడు గారికి ఇవ్వాలి. రీడింగులన్నీ పూర్తయి, సిరాతో రాసి, తేదీ వేశాకే కవరు తెరవాలి. మీ ఊరి సీసా మీ చేతిలో ఉందని మీకే తెలియకపోతే ప్రేమ ఏం చేయగలదు? ఆయన భయానికి ఇంతకంటే మంచి జవాబు లేదు. పైగా కవరు ఆయన దగ్గరే ఉంటుంది. గాజు గొట్టాలను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడటం మరవకండి. నమూనాలు తీసుకునేది మాత్రం ప్లాస్టిక్ సీసాల్లోనే.

ఎన్ని బోర్లు, ఏ నెలలు, గీత దగ్గర ఆగిన అంకెను ఏ వైపు లెక్కిస్తారు అన్నవి మొదటి సీసా నింపక ముందే రాసి పెట్టుకోండి. నేనైతే 1.0 దాటిన ప్రతి బోరునూ విడిగా చూపించి, దాన్ని వాడే ఇళ్ల సంఖ్య పక్కనే రాస్తాను. మీరు 1.5 ఎంచుకున్నా తప్పు కాదు, ఎందుకో ఒక పేరా రాయండి. ఫలితాలు వచ్చాక థీసిస్ కంటే ముందు ఊరికి చెప్పండి, గ్రామ పంచాయతీలో ఒకసారి, వాడలో విడిగా ఇంకోసారి. పంచాయతీలో చెప్పింది వాడకు చేరుతుందనుకున్నవాణ్ని నేను.

వానాకాలం తర్వాత ఒకసారి, మే నెలలో ఒకసారి తీయండి. నీటిమట్టం బాగా పడిపోయినప్పుడు బోరు వేరే నీళ్లు ఇవ్వవచ్చు, జనం ఎక్కువ తాగేదీ అప్పుడే. చాలామంది పరిశోధక విద్యార్థులు మే నమూనాలు వదిలేస్తారు, కారణం రసాయన శాస్త్రం కాదు, వేసవి సెలవుల్లో ల్యాబు మూసి ఉండటం. తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఇప్పుడే కనుక్కుని పెట్టుకోండి.